వెనక చెక్క మీద చీమ

రంగుల షెడ్డు నుంచి,
సోమవారం

నా చీమకి,

ముందు కూర్చో తల్లీ. నిలబడి చదివితే కింద పడతావు. కూర్చున్నావా? అయితే విను. నీ కవిత లోకం మీదికి వచ్చేసింది! వచ్చిందే కాదు, దానికి డబ్బు కూడా ఇచ్చారు! ఊరికే తీసుకుని దండం పెట్టి పొమ్మనలేదు. చేతిలో పెట్టి మరీ "ఇలాంటివి ఇంకా ఉంటే పట్రా పెయింటరూ" అన్నారు. నేను కుంచె పట్టి నలభై ఏళ్ళయింది. ఎండలో నిచ్చెన మీద నిలబడి బోర్డులు రాసి ఎన్ని కూలీలు తీసుకున్నానో, ఈ డబ్బు మాత్రం మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను.

అయిదో క్లాసుతో బడి ఎగ్గొట్టినవాడి ఇంట్లో కవయిత్రి పుట్టింది చూడు! నీ చిన్నప్పుడు పలక చూసి మీ టీచరమ్మ "ఇవి అక్షరాలా, చీమలా?" అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మూరెడేసి అక్షరాలు రాసేవాడి కూతురు ఆవగింజంత అక్షరాలు రాయడమేమిటని అందరూ నవ్వారు. అప్పట్నుంచీ నువ్వు నాకు చీమవే. ఇవాళ ఆ చీమలు బారులు తీరి బయల్దేరాయమ్మా!

ఏ కవిత అంటావా? కిందటి నెల పంపావే, అది.

దారి అడిగితే అందరూ చెబుతారు
ఎందుకు వెళ్తున్నావని ఒక్కరూ అడగరు

ఎంతెంత అక్షరాలనుకున్నావు! పసుపు మీద ఎరుపు, చుట్టూ నల్ల అంచు. కింద మూలన "చీమ" అని నీ పేరు. ఎక్కడ, ఎవరు అని మాత్రం అడక్కు. చెప్పను గాక చెప్పను. నువ్వే నీ కళ్ళతో చూడాలి, చూసి గంతెయ్యాలి.

మీ అమ్మ సంగతి తెలుసుగా. డబ్బు చూపిస్తే ముట్టుకోకుండా "దాన్నడిగావా?" అంది. నా కూతురిదానికి నా కూతుర్ని అడిగేదేమిటే అన్నాను. "రాసింది అది. అడగాల్సిందీ దాన్నే" అని లోపలికి పోయింది. సంతోషాన్ని కూడా రాళ్ళు ఏరితే గాని పొయ్యి ఎక్కించదు ఆవిడ.

మనియార్డరు ఈ ఉత్తరం వెనకాలే వస్తుంది. ఇంటిఖర్చుకి వాడావంటే ఊరుకోను. అది నీది, నీ తలకాయలోంచి వచ్చింది. ఫోను చేద్దామని షెడ్డు ఓనరుగారి ఆఫీసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఈ పాడు చెవులకి నువ్వు ఫోనులో ఏడ్చినా నవ్వినా ఒకటే. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

పట్టలేని సంతోషంతో,
నాన్న


కాటా క్వార్టర్స్ నుంచి,
శుక్రవారం

నాన్నకి,

కూర్చునే చదివాను. అయినా పడ్డాను.

నమ్మలేక నీ ఉత్తరాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చదివాను. అప్పుడే కాటా మీదికి బరువు లారీ ఎక్కినట్టుంది, వంటింట్లో గిన్నెలన్నీ గలగలమన్నాయి. ఇక్కడ లారీ ఎక్కినప్పుడల్లా అంతేగా. కానీ ఇవాళ ఆ గిన్నెలు నాకోసమే మోగాయనిపించింది. నవ్వుకో.

రంగుల్లో వేశారంటే చిన్నాచితకా పత్రిక కాదు. మీ షెడ్డు పక్క ప్రెస్సులో వారపత్రికలవాళ్ళు అట్టలు అచ్చేయించుకుంటారని చెప్పేవాడివి, వాళ్ళేనా? నువ్వు లారీలకి రంగులేస్తూ మధ్యాహ్నం వాళ్ళ దగ్గరికెళ్ళి టీ తాగుతావుగా, అక్కడ పట్టుకున్నావా ఎవరినైనా? నాన్నా, నేను ఏ పత్రికకీ ఒక్కటీ పంపలేదు ఇన్నేళ్ళూ. భయం. తిరిగొస్తే ఎవరైనా చూస్తారని భయం. నీకు మాత్రమే పంపుతూ వచ్చాను. నువ్వు చదివి "అబ్బ!" అని రాసేవాడివి, నాకది చాలు అనుకునేదాన్ని. చాలదని ఇవాళ తెలిసింది.

డబ్బుతో ఏం చేశానో చెప్తే తిడతావు. ఆయనకి చెప్పులు కొన్నాను. మందం అట్టవి, పట్టీలున్నవి. ఎండాకాలం లారీలు తూస్తూ కాటా ఇనప పలక మీద నిలబడితే మామూలు చెప్పులు కరిగిపోతాయి. ఎక్కడివి అన్నారు. కూడబెట్టుకున్నాను అన్నాను. రాసి సంపాదించానని చెప్పడానికి నోరు రాలేదు. నేను రాస్తానన్న సంగతే ఆయనకి తెలీదు కదా. దాచాలని కాదు. రోజూ రెండు డ్యూటీలు చేసి వచ్చి కూర్చునే మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? కొత్త చెప్పులు తొడుక్కుని గదంతా రెండు చుట్లు తిరిగారు, పెళ్ళికొడుకులా.

ఇంకొకటి పంపుతున్నాను. ఇది అచ్చుకి కాదు నాన్నా. నీకే.

అందరి బరువూ చూసే మనిషివి
నా వైపు ఒక్కసారి చూడవా

తింటూ తింటూ నిద్రపోయావు
నీ చేతి కింది కంచం తీసి
నీ ముఖం చూస్తూ కూర్చున్నాను
ఇవాళ్టికి ఇది చాలు

చదివి పెట్టెలో పెట్టేయి. అమ్మకి కావాలంటే చదివి వినిపించు. ఆ పత్రిక కాపీ ఒకటి పంపవూ?

నీ
చీమ


రంగుల షెడ్డు నుంచి,
బుధవారం

నా చీమకి, చీమల రాణికి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. పోస్టుమాన్ కిందనుంచి ఊపాడు. ఎలా దిగానో తెలీదు, రంగు డబ్బా మాత్రం నాకంటే ముందే దిగింది. షెడ్డు గచ్చంతా ఆకుపచ్చ!

నీ కవితకి ఎంత గిరాకీ అనుకున్నావు! చదివినవాళ్ళు చదివినట్టే వెనకాలే పడి వస్తున్నారట! ఓనరుగారు చెప్పి చెప్పి నవ్వుతున్నారు. మొన్న ఒకాయన స్కూటరు ఆపి, కాగితం ముక్క తీసి రాసుకున్నాడట. "ఎవరయ్యా ఈ చీమ? నిజం మాట చెప్పిందే" అన్నాడట. ఓనరుగారి మీసాలు నీకు తెలుసుగా, ఆ మీసాలు ఇంకో అంగుళం లేచాయి. "నా దగ్గర ఇంకా బోలెడు ఖాళీ పడుంది, మీ అమ్మాయిని రాయమను" అన్నారు.

రెండో కవిత చదివాను. అబ్బ! అబ్బబ్బ! మీ అమ్మకి వినిపించాను. ఆవిడ చేతిలో పని ఆపి చివరిదాకా వింది. "ఇది వాళ్ళిద్దరిదీ. తీసి లోపల పెట్టు" అంది. ఏం లోపల పెట్టడమో! ఇంత మంచి మాటలు మడతల్లో మగ్గిపోవాల్సిందేనా?

చెప్పులు కొన్నందుకు తిడుతున్నాను. తిట్టేశాను. అల్లుడుగారికి బాగున్నాయా?

కాపీ సంగతి తరవాత రాస్తాను. తొందరపడకు.

మీ నాన్న


కాటా క్వార్టర్స్ నుంచి,
మొదటి వానల వారం

నాన్నకి,

నువ్వు చెప్పవు, నేను ఆగలేను. మొన్న బస్టాండు దాకా వెళ్ళి పుస్తకాల బంకు దగ్గర ఉన్న వారపత్రికలన్నీ తిరగేశాను. పసుపు మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగాను. ఒకటి సబ్బు ప్రకటన, ఒకటి జాతకాలు. బంకు వాడు కాసేపు చూసి "ఏమ్మా, కొంటారా, ఇక్కడే కాపరం పెడతారా?" అన్నాడు. సిగ్గేసి ఒకటి కొన్నాను. అందులో ఎవరివో కవితలున్నాయి. నావి అంతకంటే మంచివి అనిపించింది. ఇలా అనుకోవడం నా జీవితంలో మొదటిసారి.

దాని పేరు చెప్పు చాలు, నేనే తెప్పించుకుంటాను. చేతిలో పట్టుకుంటే గాని ఆయనకి చెప్పలేను. ఆ పేజీ తీసి, ఆయన ముందు పెట్టి, "చెప్పులు ఇందులోంచి వచ్చాయి" అనాలని ఉంది. ఎలా అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆదివారం సెలవుంది, బాగా నిద్రపోయి లేచాక, టీ ఇస్తూ.

మొదట ఆయనకి చూపించాల్సింది ఆ దారి కవిత. మిగతావి మెల్లిగా.

చీమ


రంగుల షెడ్డు నుంచి,
శనివారం

చిట్టితల్లీ,

కాపీ పంపమంటావేమిటే పిచ్చిదానా, అది కవరులో పడుతుందా? ఆరడుగుల పొడవుంది!

సరే, ఇక దాచలేను. పొట్ట పగిలిపోయేలా ఉంది. ఇప్పుడు రెండోది దానంతటదే నీ దగ్గరికి వస్తోంది! నడిచి కాదు, దొర్లుకుంటూ. ఈ వారంలోనే లోడు వేసుకుని మీ కాటా మీదుగానే పోతుంది. నువ్వు కిటికీలోంచి చూస్తూ ఉండు. గిన్నెలు గట్టిగా మోగాయంటే అదే! కొత్త లారీ, వెనక కొత్త చెక్క. దీనికోసం మూడు రోజులు కూర్చున్నాను. నీలం మీద తెలుపు వేసి, అక్షరానికి వెనక నీడ తీశాను. పెద్దవాళ్ళ బంగళాలకి కూడా అలాంటి నీడ తియ్యలేదు నేను.

ఇంకో ముచ్చట చెప్పనా? బోర్డు రాసినవాడికి కింద కుడి మూల సొంతం. అక్కడ మా పేరు వేసుకుంటాం. చిన్నదే, కానీ అది మా కూలిలో సగం. ఎవరు ఎంతిచ్చినా ఆ మూల వదలం. మా గురువు చచ్చేముందు కూడా "మూల ఎవడికీ ఇవ్వకురా" అన్నాడు. ఆ మూల నీకిచ్చేశానమ్మా. రెండు బళ్ళ మీదా నా పేరు లేదు. చీమ ఉంది.

పుస్తకమైతే ఏం లాభం, అల్మారాలో పడుకుంటుంది. ఇది ఊరూరా తిరుగుతుంది! వెనక వచ్చేవాడు చదవను అన్నా చదవక తప్పదు!

మనియార్డరు మళ్ళీ వస్తుంది. అల్లుడుగారికి ఈసారి గొడుగు కొను.

ఉబ్బితబ్బిబ్బవుతూ,
నాన్న


కాటా క్వార్టర్స్ నుంచి

నాన్నకి,

లారీ వచ్చింది.

నేను కిటికీలోంచి చూడలేదు. నీ ఉత్తరం అది వచ్చిన మర్నాడు చేరింది. ముందు చూసింది ఆయన.

లోడు బండి కాటా మీద నిలబడితే తూకం చూసి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి నంబరు రాసుకోవాలి. ప్రతి బండికీ అంతే. నంబరు పలక ఆ చెక్క కిందే ఉంటుందని నీకంటే బాగా ఎవరికి తెలుసు? అప్పటికే వెనక క్యూలో ఉన్న డ్రైవర్లు దిగి చదివి నవ్వుతున్నారట. "ఏం సార్, మీమీదే రాసినట్టుందే! అందరి బరువూ చూసేది మీరేగా, ఇంట్లో వాళ్ళవైపు కాస్త చూడండి సార్!" అన్నారట. ఆయన కూడా నవ్వారట. నవ్వుతూనే నంబరు రాసుకున్నారట. అప్పుడు మూల చూశారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చారు. ఆ వేళప్పుడు ఎప్పుడూ రారు. గుమ్మంలోనే నిలబడి అడిగారు.

"మీ నాన్న నిన్నేమని పిలుస్తాడు?"

"చీమ అని. మీకు తెలుసుగా. ఏం?"

"ఏం లేదు. ఇవాళ చీమని తూచాను."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనే ఆ రెండు లైన్లూ చెప్పారు, పాఠం అప్పజెప్పినట్టు. నా రెండు లైన్లు, ఆయన నోట. అవి ఎప్పుడో ఒకనాడు ఆయన నోట వినాలని కలలు కన్నాను నాన్నా. ఇలా కాదు.

"నాకు చెప్పుకోవాలంటే నేను కనపడలేదా? పది చక్రాల లారీ కనపడిందా?" అన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. చెప్పులు విప్పి గోడవారగా పెట్టి, పాతవి తొడుక్కుని మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయారు. అవెక్కడివో నేను చెప్పలేదు. ఆయనే కలుపుకున్నారు.

ఇప్పుడు డ్రైవర్లు ఆయన్ని "చూడవా సారు" అంటున్నారు.

నీకే అని రాశాను. అచ్చుకి కాదు అని రాశాను. చదవలేదా? పోనీ, మిగతా నాలుగు లైన్లు ఏమయ్యాయి? ఆ నాలుగూ లేకపోతే అది కవిత కాదు, పితూరీ. వీధిలో నిలబడి మొగుడి మీద చేసిన పితూరీ.

వారపత్రిక అనుకుని బంకు చుట్టూ తిరిగాను నేను. లారీ వెనకా నాన్నా? నా కవిత లారీ వెనకా?


రంగుల షెడ్డు నుంచి,
గురువారం

అమ్మా చీమా,

ఉత్తరం అందింది. నువ్వు సంతకం పెట్టలేదు, హడావిడిలో మర్చిపోయావనుకున్నాను. మీ అమ్మ చదివించుకుని "మర్చిపోలేదు" అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. కంచం కూడా పెట్టిన చప్పుడు లేకుండా పెట్టి పోతోంది.

నేను చెడు చెయ్యాలని చేశానా తల్లీ? నువ్వు వద్దన్నమాట చదివాను. ఎందుకు చదవలేదూ. మొదటిదీ నిన్నడక్కుండానే చేశాను, ఎగిరి గంతేశావు. ఇదీ అంతే అనుకున్నాను. పిల్లలు వద్దు వద్దంటూనే చెయ్యి చాపుతారు కదా, అలాగే అనుకున్నాను.

నాలుగు లైన్లు నేనేం మింగెయ్యలేదు. వెనక చెక్కకి మధ్యలో గొలుసు కొక్కేలుంటాయి. వాటిపైన రెండు లైన్లే పడతాయి, కింద బురద కొడుతుంది. ఎవరిదైనా రెండే రాస్తాం. పైగా ఆ రెండూ ఎంత నిండుగా ఉన్నాయో! నీకు అంతగా ఉంటే చెప్పు, బండి రాగానే మిగతా నాలుగూ పక్క చెక్కల మీద రాసిపారేస్తాను. రెండు వైపులా బోలెడు చోటుంది! అప్పుడు అల్లుడుగారు చుట్టూ తిరిగి మొత్తం చదువుకుంటారు, అపార్థం పోతుంది!

ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది. "లారీ వెనకా" అని రాశావు, ఆ మాట కింద గీత కూడా గీశావు. నీకు కొన్న మొదటి పలక లారీ వెనక నుంచే వచ్చింది. కాలేజీకి వెళ్ళిన బస్సు పాసు లారీ వెనక నుంచే. నీ పెళ్ళిలో అందరూ బాగుందన్న బోర్డు రాసింది ఈ చెయ్యే. నలభై ఏళ్ళలో నా అక్షరాన్ని ఎవరూ కింద గీత గీసి తక్కువ చెయ్యలేదు. నా కూతురు చేసింది. నేను నాకున్న అన్నిటికంటే పెద్ద చోటు నీకిచ్చాననుకున్నాను. అదే అన్నిటికంటే చిన్న చోటని నాకెవరూ చెప్పలేదు.

అయినా పోనీ. నా కోపం ఎంతసేపు! అల్లుడుగారికి నేనే ఒక ఉత్తరం రాయనా?

నాన్న


కాటా క్వార్టర్స్ నుంచి,
ఆదివారం

నాన్నకి,

ఆ గీత గీసినందుకు సిగ్గుపడుతున్నాను. నీ పనిని అనలేదు అని రాయబోయాను. రాస్తే అబద్ధం. కాస్త అన్నాను. పుస్తకం వస్తుందని ఆశ పడ్డాను, అది విరిగింది, విరిగిన ముక్క నీకు గుచ్చాను. అది నా తప్పు.

కానీ నా కోపం దానికి కాదు. లారీ బదులు బంగారు అట్ట వేసిన పుస్తకమైనా నాకు ఇంతే.

ఆదివారం అని రాశానుగా పైన. నేను అనుకున్న ఆదివారం ఇదే. ఆయన నిద్ర లేచారు, టీ ఇచ్చాను. టీ తాగుతూ నన్ను చూస్తున్నారు. రోజూ చూస్తున్నారు నాన్నా. కంచం ముందు కూర్చుంటే నిద్ర ఆపుకుని మరీ చూస్తారు. కళ్ళు ఎర్రగా ఉంటాయి, మూతలు పడుతుంటాయి, అయినా చూస్తారు. "చాలా? ఇంకా చూడాలా?" అని కూడా అనరు. అడిగానని చూస్తున్నారు. అందరి ముందూ అడిగానని.

ఆ మనిషి నాముందు నిద్రపోవడం మానేశారు. నాకు ఉన్నది అదొక్కటే. కంచం తీసి, ఆయన్ని చూస్తూ కూర్చోవడం. ఆ కవితలో ఉన్నది అదే, నువ్వు చోటు చాలదని వదిలేసింది అదే.

మిగతా నాలుగు లైన్లు నేనే ఆయనకి చూపించవచ్చు. ఇక్కడే ఉన్నాయి. కానీ ఇప్పుడు చూపిస్తే సర్దుబాటుకి రాశాననుకుంటారు. నిజంగా రాసినదాన్ని నేను నిజమని చూపించుకోలేని స్థితిలో పెట్టావు నన్ను.

నాకు ఒక్కడివే నాన్నా. ఊళ్ళో అందరూ చదవాలని నీకు రాయలేదు. నువ్వు ఒక్కడివే చదువుతావని రాశాను. ఆ ఒక్క మనిషీ తలుపు తెరిచి రోడ్డు మీద పెట్టాడు.

పక్క చెక్కల మీద ఏమీ రాయకు. ఆయనకి ఉత్తరం రాయకు. ఉన్నది తుడిచెయ్యి, రెండు బళ్ళ మీదా. మనియార్డరు నేను సంతకం పెట్టలేదు, వెనక్కి వస్తుంది.

అమ్మతో చెప్పు, అడిగింది ఆవిడ ఒక్కతే అని.


రంగుల షెడ్డు నుంచి,
వానలు తగ్గాక

అమ్మా,

ఇన్నాళ్ళు ఉత్తరం రాయనిది కోపంతో కాదు. పని అయ్యాక రాద్దామని.

దారి కవిత రాసిన బండి ఊళ్ళోనే దొరికింది, ఆ పని అయింది. రెండోది దొరకలేదు. బళ్ళు రెండూ ఓనరుగారివేగా, ఆయన్ని అడిగితే మీసం దువ్వుతూ "పిచ్చి పట్టిందా? దాన్ని చూసి నాకు రెండు కొత్త లోడ్లొచ్చాయి" అన్నారు. నేను ఊరికే అడగలేదు. బండ్ల మీద ఈ ఏడు రాసిందంతా ఉత్తపుణ్యానికి రాసినట్టు లెక్కేసుకోమన్నాను. "నీ కూతురు మొగుడితో పోట్లాడితే నా బండికి సున్నం కొడతావా" అని నవ్వారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఆఖరికి, బండి దానంతటది వచ్చినప్పుడు తుడుచుకో అన్నారు. రోజూ గేటు దగ్గర కూర్చున్నాను. నిన్న వచ్చింది.

నువ్వు అనుకుంటావు, పైన ఇంకో రంగు కొట్టేస్తే పోతుందని. పోదమ్మా. తెలుపు మీద ఎన్ని పూతలు వేసినా ఎండ ఏటవాలుగా పడితే కింది అక్షరం గట్టులా కనిపిస్తుంది. నేను నీడ కూడా తీశాను కదా, ఇంకా మందం. అందుకని గీకాలి. రేకు పెట్టి ఒక్కొక్క అక్షరమే, చెక్క దాకా.

చెయ్యి నొప్పి పుట్టి మధ్యలో ఆగాను. అప్పటికి మిగిలింది "ఒక్కసారి చూడవా". నేను దాని ముందు కూర్చుండిపోయాను. మా పనిలో ఒకటుంది తల్లీ. అక్షరాన్ని చూస్తాం, మాటని చదవం. చదివితే చెయ్యి ఆగుతుంది, వంకర పోతుంది. సున్నా గుండ్రంగా వచ్చిందా, తలకట్టు సమంగా ఉందా, అంతే. చచ్చిపోయినవాళ్ళ బోర్డులూ అలాగే రాశాను, మిఠాయి కొట్టు బోర్డులూ అలాగే రాశాను. నీ కవితనీ అలాగే రాశాను. గీకుతున్నప్పుడు చదివాను. మొదటిసారి చదివాను. ఇన్నాళ్ళూ నీకు "అబ్బ!" అని రాశానే, అవన్నీ అక్షరాలు చూసి అన్నవా, మాటలు చదివి అన్నవా అని ఆలోచిస్తే నాకే తేలడం లేదు.

నా కూతురు ఒక్కతే కూర్చుని ఒక మనిషి నిద్రపోతుంటే చూస్తోంది. నేను దానికి నీలం రంగు ఏదైతే బాగుంటుందా అని చూశాను.

మీ అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇన్నాళ్ళ తరవాత మొదటి మాట, "రేకు ఇలా ఇవ్వు" అంది. మిగిలింది ఆవిడ గీకింది. మూల ఉన్న చీమని మాత్రం నేనే గీకాను.

ఇప్పుడు ఆ చెక్క మీద "హారన్ కొట్టండి" అని ఉంది. మూల ఖాళీగా వదిలేశాను. చూసినవాళ్ళు "ఏం పెయింటరూ, పేరు వెయ్యడం మర్చిపోయావా?" అంటున్నారు. అవునంటున్నాను.

అల్లుడుగారికి ఏమీ రాయలేదు. నీ కవిత పెట్టెలో ఉంది, మొత్తం, ఆరు లైన్లూ. పంపమంటే పంపుతాను. అడుగుతున్నాను, అంతే.

నాన్న


కాటా క్వార్టర్స్ నుంచి,
మంగళవారం

నాన్నకి,

ఇక్కడ అందరం కులాసా. వానకి కాటా గుంటలో నీళ్ళు నిండి రెండు రోజులు తూకాలు ఆగిపోయాయి. గిన్నెలు మోగకపోతే ఇల్లు ఖాళీగా ఉన్నట్టుంది. అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉంది? నీ చేతికి ఏదైనా మందు రాస్తున్నావా?

"హారన్ కొట్టండి" బండి నిన్న ఇటే వెళ్ళింది. ఆయనే చెప్పారు. వెనక్కి వెళ్ళి నంబరు రాసుకుంటుంటే చెక్క మీద గీతలు తగిలాయట, చేత్తో తడిమి చూశారట. "బాగా గీకారు" అన్నారు. డ్రైవర్లు మాత్రం ఆయన్ని పాత పేరుతోనే పిలుస్తున్నారు. అది ఎవరు గీకుతారు?

ఇవాళ పొద్దున్న ఊడుస్తుంటే గోడవారన కొత్త చెప్పులు లేవు. తొడుక్కుని వెళ్ళారో, ఎవరికైనా ఇచ్చేశారో సాయంత్రం గాని తెలీదు. నువ్వు తెలుసుకోవాలని రాయడం లేదు. ఇంకేం రాయాలో తోచక రాస్తున్నాను.

పెట్టెలో ఉన్నదాన్ని పంపించు. అది ఇక్కడ ఉండాలి.

ఈ కవరులో కవిత లేదు, వెతకొద్దు. రాయడం ఆపానని మాత్రం అనుకోకు. మొన్న ఒకటి రాశాను. బాగానే వచ్చింది. ఎవరికి చూపించాలో ఇంకా అనుకోలేదు.

నీ కూతురు